మౌలానా షిబ్లీ: పూర్తికాని గ్రంథం

మా దగ్గర ఉర్దూ నేర్చుకున్న ఒక అబ్బాయి పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం మొదలుపెట్టి మూడో యేట ఆగిపోయాడు. కాగితాలు కట్టలుగా ఉన్నాయి, కలం కదలడం లేదు. మందలించడానికి మాకు మనసు రాలేదు. మౌలానా షిబ్లీ నోమానీ గారి సంగతి చెప్పాము.

షిబ్లీ గారు 1857లో ఆజంగఢ్ ప్రాంతంలో జన్మించారు. 1883లో అలీగఢ్ కళాశాలలో అధ్యాపకులయ్యారు. హజ్రత్ ఉమర్ (రజి) జీవితం రాయాలని సంకల్పించారు గాని, కావలసిన గ్రంథాలు మన దేశంలో దొరకలేదు. అలాగని చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఇమామ్ అబూ హనీఫా గారి జీవితం చేపట్టారు. 1892లో ఓడెక్కి ఇస్తాంబుల్, బీరూత్, కైరో గ్రంథాలయాలు తిరిగి వచ్చారు. ‘అల్ ఫారూఖ్’ వెలువడింది మాత్రం మరో ఆరేడేళ్ళకు. మదరసాలో ఆ పుస్తకం చదివే రోజుల్లో, ఒక్క ఊపున రాసేసి ఉంటారనే మేము అనుకునేవాళ్ళం!

1901 నుండి 1905 వరకు హైదరాబాదులో నిజాం ప్రభుత్వ కొలువు చేశారు. అక్కడా రచన ఆగలేదు. 1907లో ఇంట్లో తుపాకి పొరపాటున పేలి పాదం ఛిద్రమైంది, తీసివేయవలసి వచ్చింది. ఆ తరువాత కూడా పారశీక కవుల చరిత్ర ‘షేరుల్ అజమ్’ ఐదు సంపుటాలు రాశారు.

చివరికి దైవప్రవక్త (స) జీవిత చరిత్రను తలకెత్తుకున్నారు. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదని గ్రహించి, మొహమాటం లేకుండా సమాజాన్ని సహాయం అడిగారు. భోపాల్‌ను పాలిస్తున్న సుల్తాన్ జహాన్ బేగం నెలకు 200 రూపాయలు మంజూరు చేశారు. ఆ సొమ్ముతో సహాయకులను పెట్టుకుని, పాశ్చాత్యుల రచనలను కూడా చదివించుకున్నారు. మా అబ్బాయి చేయనిది ఇదే. ఏడాదిగా తన గైడుకు ఒక్క పేజీ చూపలేదట, సిగ్గుపడి!

1914లో తమ్ముడి మరణం మౌలానాను కుంగదీసింది. నవంబరులో మంచం పట్టగానే, పూనాలో అధ్యాపకులుగా ఉన్న శిష్యుడు సయ్యద్ సులైమాన్ నద్వీకి తంతి పంపించి, పని ఆయనకు అప్పగించారు. 18వ తేదీన కన్నుమూశారు. శిష్యుడు పూనా ఉద్యోగం వదిలి ఆజంగఢ్‌లో కూర్చున్నారు. మొదటి సంపుటం 1918లో వెలువడింది. మొదటి రెండు సంపుటాలు గురువుగారివి, తరువాతివి శిష్యునివి. నద్వీ గారు కూడా 1953లో, ఏడో సంపుటం పూర్తికాకుండానే, అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.