పక్షిశాస్త్రజ్ఞుడు జెర్డన్

వానలు వెనుకపట్టి ఆకాశం తేటపడిన శరదృతువులో హంసలు తిరిగిరావడం, ఖంజనాలు కనబడడం మన ప్రబంధకవులకు ప్రీతిపాత్రమైన వర్ణనలు. ఖంజనమంటే కాటుకపిట్ట. ఈ జాతి పక్షులలో కొన్ని ఉత్తరదేశాల నుండి చలికాలానికి మాత్రమే వచ్చి వెళతాయి. హిందూపురం మేడలమీద, పెనుకొండ కోట దిగువన తడినేలల్లో, ధర్మవరం చెరువుకట్టపైన అక్టోబరు మొదలుకొని తోక ఆడిస్తూ తిరిగే ఆ చిన్నపిట్టను నిలిచి చూసేవారు తక్కువ. అట్టి రాకపోకలను ఋతువులతో, కొలతలతో, స్థానిక నామాలతో సహా గ్రంథస్థం చేసిన తొలితరం శాస్త్రజ్ఞులలో థామస్ కేవర్‌హిల్ జెర్డన్ ముఖ్యుడు.

జెర్డన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లాండులోని డర్హమ్ ప్రాంతంలో జన్మించాడు. ఎడింబరోలో విద్యాభ్యాసం చేసి, ఈస్టిండియా కంపెనీ కొలువులో సహాయ వైద్యుడుగా చేరి 1836లో మద్రాసు చేరుకున్నాడు. మొదట గంజాం ప్రాంతంలోను, పిమ్మట దక్కనులో అశ్వికదళంతోను పనిచేశాడు. వృత్తి వైద్యమే అయినా, దండు కదిలిన ప్రతి చోటా ఆయన దృష్టి పక్షులమీదనే నిలిచేది. సేకరించిన పక్షుల చర్మాలను గుర్తింపుకోసం స్కాట్లాండులోని విలియం జార్డిన్‌కు పంపగా, అవి చేరేసరికి పురుగుపట్టి పాడైపోయాయి. ఎంతటివాడికైనా చేతులాడని దెబ్బ అది. అయినా జెర్డన్ కుంగిపోలేదు. తన పరిశీలనమీదనే ఆధారపడి, 1839లో దక్షిణ భారతదేశపు పక్షుల పట్టికను ప్రకటించడం మొదలుపెట్టాడు. అందులో సుమారు 420 జాతులున్నాయి.

ఆయన జీవితంలో తెలుగువారికి ఎక్కువ సంబంధమున్న ఘట్టం నెల్లూరు. నందికొండల్లో పుట్టి హిందూపురం, పెనుకొండ సీమల మీదుగా ప్రవహించే పెన్నానది సముద్రంలో కలిసేది ఆ తీరంలోనే. నెల్లూరుకు దక్షిణాన ఉన్న పులికాట్ సరస్సుకు చలికాలంలో ఫ్లెమింగోలు, బాతులు వేలసంఖ్యలో చేరుతాయి. సివిల్ సర్జన్‌గా అక్కడ పనిచేసిన కాలంలో జెర్డన్ తూర్పు కనుమలనూ పరిశీలించాడు. అడవిని ఎరిగిన యానాదులే ఆ విషయంలో ఆయనకు గురువులు. ఏ పక్షిని తెలుగులో ఏమంటారో అడిగి తెలుసుకుని, ఆ పేర్లను శాస్త్రనామాల పక్కనే ముద్రించడం ఆయన ప్రత్యేకత.

ఆ కాలంలోనే నెల్లూరు, కడప సీమల కొండనేలల్లో అంతవరకు శాస్త్రలోకం ఎరుగని ఒక పక్షి ఆయనకు లభించింది. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దానికి శాస్త్రనామం పెట్టాడు. తెలుగువారు దానిని అడవి ఉత్తతిత్తి అంటారని జెర్డన్ రాసుకున్నాడు. ఉత్తతిత్తి అంటే ఖాళీ సంచి. ఈ పక్షి చలికాలపు అతిథి కాదు. ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటుంది. కాని రాత్రివేళ మాత్రమే పొదల నడుమ తిరుగుతుంది కనుక పక్కనే ఉన్నా కంటబడదు.

1847 నాటికి 50 రంగుల చిత్రపటాలతో ఆయన గ్రంథం ఒకటి పూర్తయింది. ఆ చిత్రాలు గీసినవారిలో మన దేశీయ చిత్రకారులున్నారు. వారి పేర్లు జెర్డన్ పేరంతగా వెలుగులోకి రాకపోవడం విచారకరం. 1862-64 మధ్య వెలువడిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ వెయ్యికి పైగా జాతులను వివరించి, తరువాతి పరిశోధకులకు ప్రామాణికమైంది. చీమలు, చేపలు, క్షీరదాల మీద కూడా ఆయన రాశాడు. 1868లో ఉద్యోగ విరమణ చేసి, 1872 జూన్ 12న లండన్ సమీపంలోని అప్పర్ నార్‌వుడ్‌లో కన్నుమూశాడు.

ఆయన పేరు మోసిన ఆ పక్షి 1900లో అనంతపురం ప్రాంతంలో కనబడి, తరువాత అదృశ్యమైంది. అంతరించిందనే అందరూ తలచారు. ఎనభై ఆరేళ్లకు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పరిశోధకులు కడప జిల్లా పల్లెల్లో ఆ పక్షి బొమ్మను చూపుతూ తిరిగారు. పుస్తకంలోని పేరు మారిపోయి ఉంది. కలివి పొదల్లో తిరుగుతుంది కనుక పల్లెవాసులు దానిని కలివికోడి అంటున్నారు. 1986 జనవరిలో ఒక రాత్రి స్థానిక వేటగాడొకడు టార్చి వెలుగులో దానిని పట్టుకున్నాడు. చిక్కిన పక్షి బతకలేదు. కాని ఆ అడవి 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైంది. పొదల అంచుదాకా వచ్చిన తెలుగుగంగ కాలువ కూడా తరువాత దారి మార్చుకోవలసివచ్చింది.