మెర్సెన్ సన్న్యాసి

పెద్ద ప్రధానసంఖ్యల ప్రసంగము వచ్చినపుడెల్ల గణితజ్ఞులు ఒక క్రైస్తవ సన్న్యాసి పేరును తలంతురు. ఆయన చరిత్రమును మా విద్యార్థులకొఱకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

మారిన్ మెర్సెన్ 1588వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన ఫ్రాన్సుదేశమందలి వాజే గ్రామమున సామాన్యకుటుంబములో జన్మించెను. లా ఫ్లేష్ పట్టణమున జెసూయిట్ గురువులకడ చదివి, 1611లో మినిములను సన్న్యాసుల సంఘమున జేరెను. మాంసమునే గాక గ్రుడ్లను, పాలను గూడ విడుచుట వారి నియమము.

ఆ కాలమున శాస్త్రపత్రికలు లేవు. పారిసు మఠములోని ఆయన గదియే ఆ లోటు దీర్చెను. హాలండులోని డెకార్టుకు, టూలూజులోని ఫెర్మాకు, ఇటలీలోని గెలీలియోకు జాబులు వ్రాయుచు, ఒకరు కనుగొనినది మఱియొకరి కెఱిగించుచుండెను. 1633లో రోమున గెలీలియోకు శిక్ష విధింపబడగా, మఱుసటి యేడే ఆయన యంత్రశాస్త్రమును మెర్సెన్ ఫ్రెంచిభాషలో ప్రకటించెను. మఠవాసి కిది చిన్న సాహసము గాదు.

ఇక సంఖ్యల మాట. ఐదు రెండ్లను ఒకదానితో నొకటి గుణించిన 32 వచ్చును. 1 తీసివేసిన 31. ఇది తనచేతను ఒకటిచేతను దప్ప దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడదు, కావున ప్రధానసంఖ్య. ఏడు రెండ్లకు 127, అదియు నట్టిదే. పదునొకండు రెండ్లకు వచ్చు 2047 మాత్రము 23, 89ల లబ్ధము. 257 వఱకు 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అను పదునొకండు మాత్రమే ప్రధానసంఖ్యల నిచ్చునని మెర్సెన్ 1644లో ప్రకటించెను.

ఎట్లు పరీక్షించెను? 67 రెండ్లనుండి వచ్చునది 21 అంకెల సంఖ్య. సెకనున కొక భాజకము చొప్పున దాని వర్గమూలము వఱకు గల సంఖ్యల నన్నిటిని పరీక్షింపబూనిన 380 ఏండ్లు చాలవు. అంతటి సంఖ్యలను శోధించుటకు కాలము చాలదని ఆయనయే యొప్పుకొనెను. ఆయన తప్పును దాచుట మా యభిమతము గాదు: 67, 257 పొరబాటులు, 61, 89, 107 విడువబడినవి.

1648 సెప్టెంబరు 1వ తేదీన ఆయన మరణించెను. వ్యాధికారణ మెఱుగుటకై తన దేహమును కోసి చూడుడని వైద్యులకు ముందే చెప్పియుంచెను.

పట్టిక మాత్రము ఇతరులకు పని కల్పించెను. 31 సరియని 1772లో ఆయిలరు నిరూపించెను. 1876లో లూకా 127 సరియనియు, 67 తప్పనియు తేల్చెను. కాని దాని భాజకములు దొరకలేదు. అవి 193707721, 761838257287 అని 1903లో అమెరికాలో కోలు నల్లబల్లపై గుణించి చూపెను. పట్టికయంతయు సరిచూచుట 1947 నాటికి గాని ముగియలేదు. 2024లో కంప్యూటర్లచే కనుగొనబడిన 4,10,24,320 అంకెల ప్రధానసంఖ్యకును మెర్సెన్ సంఖ్య యనియే పేరు.