కీర్తనల పురుషోత్తమ చౌదరిగారు

పురుషోత్తమ చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబములో జన్మించి, 1833లో కటకములో బాప్తిస్మము పొందిరి. ఆనాడు ఆ అడుగు వేసినవారికి కులము, బంధువులు దూరమగుట మామూలే. పోయిన ఇంటికి బదులు ఆయన కీర్తనలతో మరియొక ఇల్లు కట్టుకొనిరని మాకు తోచును. రాగతాళములు మన దేశమువే గనుక అవి నోటికి పట్టును. మన చీరాల సంఘములో అక్షరము రాని అవ్వలు చరణములన్నియు పాడుదురు. పుస్తకము చేతబట్టిన మేమే తడబడుదుము.

1890లో ఆయన ప్రభునందు నిద్రించిరి.

మన పిల్లలు గిటారు పాటలు కోరుచున్నారు. తప్పుపట్టలేము, చౌదరిగారును తమ కాలపు జనమెరిగిన రాగములనే గదా తీసికొనిరి! శతాబ్ది ఆరాధనలో పాతవి రెండు, క్రొత్తది ఒకటి పాడ నిశ్చయించితిమి. ఏ రెండు అను దగ్గరనే ఇంకను తగవు.