ఒక్క ల్యాప్ ఎక్కువ లెక్కపెట్టాడు... ఛాంపియన్ అయ్యాడు!

మీకు ఓ పెద్ద కంపెనీ నుంచి ఆఫర్ వచ్చిందనుకోండి. జీతం మీరు అనుకున్నదానికంటే ఎక్కువే. ఇంకోపక్క మీరే మొదలుపెట్టిన చిన్న పని ఒకటి ఉంది. అందులో డబ్బు అంతంతమాత్రం, రేపటికి గ్యారంటీ లేదు. ఇంట్లో అడిగితే ఏమంటారో మీకు ముందే తెలుసు. ఫ్రెండ్స్‌ని అడిగితే సగం మంది అటు, సగం మంది ఇటు. మరి మీరేం చేస్తారు?

జవాబు ఇప్పుడే చెప్పక్కర్లేదు. ముందు ఆలన్ కుల్విక్కీ కథ చదవండి. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, కారు రేసుల్లోకి దిగి, సొంత టీమ్‌తో 1992లో అమెరికా నాస్కార్ సిరీస్ ఛాంపియన్ అయినవాడు. మరుసటి ఏడాదే 38 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అతని జీవితంలోనూ సరిగ్గా ఇలాంటి ఆఫరే ఒకటి వచ్చింది.

ఇదేం ఆట?

స్టాక్ కార్ అంటే బయటి నుంచి చూస్తే షోరూమ్‌లో అమ్మే కారులా ఉండే రేసు కారు. లోపల మాత్రం అంతా వేరు. ఉక్కు గొట్టాలతో కట్టిన ఫ్రేమ్, దాదాపు 5.8 లీటర్ల వీ8 ఇంజిన్ ఉంటాయి. ఎక్కువగా కోడిగుడ్డు ఆకారంలో ఉండే ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమవైపే తిరుగుతూ వందల చుట్లు కొట్టాలి. ట్రాక్ పొడవు మైలుకంటే తక్కువుంటే దాన్ని షార్ట్ ట్రాక్ అంటారు.

టెనెసీ రాష్ట్రంలోని బ్రిస్టల్ ఈ షార్ట్ ట్రాక్‌లలో బాగా పేరున్నది. చుట్టు పొడవు 0.533 మైలు, అంటే సుమారు 858 మీటర్లు. మలుపులు గిన్నె అంచులా పైకి లేచి ఉంటాయి. 1990ల మొదట్లో ఒక్కో చుట్టుకు దాదాపు 16 సెకన్లు పట్టేది. ముప్ఫై దాకా కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ 500 చుట్లు తిరగాలి. కాస్త ఊపిరి పీల్చుకుందామంటే సాఫీగా సాగే దారి ఉండదు. ఓ మలుపు దాటేలోపే ఇంకో మలుపు వచ్చేస్తుంది.

ఎడమకు తిప్పడమేగా, అందులో ఏముంది అనుకుంటున్నారా? మలుపులో బరువంతా కుడివైపు టైర్ల మీదకు పోతుంది. అందుకే కుడి టైరు చుట్టుకొలత ఎడమదానికంటే కాస్త ఎక్కువ పెడతారు. ఒక మూల స్ప్రింగ్‌ను కొంచెం బిగిస్తే నాలుగు చక్రాల మీద బరువు పంచుకునే తీరే మారిపోతుంది. రేసు సాగేకొద్దీ టైర్లు అరుగుతాయి, పెట్రోలు ఖర్చవుతుంది. మొదటి ల్యాప్‌లో చెప్పినమాట విన్న కారు వందో ల్యాప్‌లో మొండికేస్తుంది. దాన్ని మళ్లీ దారికి తేవాలంటే ఏం మార్చాలో డ్రైవర్ పసిగట్టి మెకానిక్‌లకు చెప్పాలి. ఆలన్ డిగ్రీ పనికొచ్చింది ఇక్కడే.

ట్రక్కు కాలిపోయినా ఆగలేదు

ఆలన్ 1954 డిసెంబరు 14న విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ ప్రాంతంలో పుట్టాడు. పోలండ్ మూలాలున్న కుటుంబం. చిన్నప్పుడే తల్లి చనిపోయింది. తండ్రి రేసు కార్లకు ఇంజిన్లు తయారుచేసేవాడు. పదమూడేళ్లకే కార్టింగ్ మొదలుపెట్టిన ఆలన్, తర్వాత చుట్టుపక్కల షార్ట్ ట్రాక్‌ల మీద పోటీ పడ్డాడు. అలాగని చదువు వదల్లేదు. 1977లో యూనివర్సిటీ ఆఫ్ విస్కాన్సిన్-మిల్వాకీ నుంచి మెకానికల్ ఇంజినీరింగ్ డిగ్రీ తీసుకున్నాడు.

అప్పట్లో నాస్కార్‌లో పేరున్న డ్రైవర్లలో చాలామంది దక్షిణాది రాష్ట్రాలవాళ్లు, గ్యారేజీల్లో పెరిగినవాళ్లు. టీమ్‌లు, వర్క్‌షాపులు అన్నీ నార్త్ కరోలినాలోని షార్లట్ చుట్టుపక్కలే ఉండేవి. ఎదగాలంటే అక్కడికి వెళ్లాల్సిందే. 1985లో ఆలన్ తనకున్నదాంట్లో చాలావరకు అమ్మేశాడు. తీరా బయల్దేరబోయే ముందు కార్లు లాగే ట్రక్కు మంటల్లో కాలిపోయింది. ఇంకో బండి అరువు తెచ్చుకుని, సామాను దాని వెనక కట్టుకుని వెళ్లాడు.

1986 సీజన్‌లో అతని దగ్గరున్నది ఒకే ఒక్క కారు, రెండు ఇంజిన్లు, ఇద్దరు పూర్తిస్థాయి పనివాళ్లు. డ్రైవర్ తనే, ఓనర్ తనే, చాలా పనుల్లో మెకానిక్ కూడా తనే. చేతిలో బ్రీఫ్‌కేసు పట్టుకుని గ్యారేజీకి వచ్చే ఈ కొత్త మనిషిని అందరూ వింతగా చూశారు. ఆ ఏడాది కొత్త డ్రైవర్లలో అత్యుత్తముడికిచ్చే అవార్డు అతనికే దక్కింది.

మొదటి గెలుపు కోసం 1988 నవంబరు దాకా ఆగాల్సివచ్చింది. ఫీనిక్స్‌లో గెలిచాక కారును వెనక్కి తిప్పి, మామూలుగా తిరిగే దిశకు ఎదురుగా ఓ చుట్టు కొట్టాడు. చూసినవాళ్లకు అదో సరదా పనిలా అనిపించింది. కానీ దాని వెనకా ఓ లెక్క ఉంది. డ్రైవర్ కూర్చునేది ఎడమవైపు. మామూలు దిశలో వెళ్తే అతని కిటికీ ట్రాక్ లోపలివైపు ఉంటుంది. ఎదురు దిశలో వెళ్తే స్టాండ్స్‌లోని జనం వైపు వస్తుంది, వాళ్లకు చెయ్యి ఊపొచ్చు. పోలిష్ విక్టరీ ల్యాప్ పేరుతో అది ఈ ఆటలో చిరస్థాయిగా నిలిచిపోయింది.

ఆఫర్ వచ్చింది... వద్దన్నాడు

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్నకు వద్దాం. జూనియర్ జాన్సన్ అంటే నాస్కార్‌లో అతిపెద్ద టీమ్ ఓనర్లలో ఒకరు. 1990 సీజన్‌కు తన 11వ నంబరు కారు నడపమని ఆలన్‌ను పిలిచాడు. పది లక్షల డాలర్ల ఆఫర్ అని చెప్పుకొన్నారు. ఆలన్ వద్దన్నాడు. తర్వాతి ఏడాది కోసం మళ్లీ అడిగితే మళ్లీ వద్దన్నాడు. తన టీమ్ తనే నడుపుకోవాలన్నది అతని పట్టుదల.

ఆ నిర్ణయానికి వెంటనే చప్పట్లు పడ్డాయనుకోకండి. 1991కి తనకే వస్తుందనుకున్న స్పాన్సర్ జాన్సన్ టీమ్‌కు వెళ్లిపోయింది. సీజన్ మొదలయ్యేనాటికి ఆలన్‌కు పూర్తికాలపు స్పాన్సర్ లేదు. ఖర్చంతా సొంత జేబులోంచే. కారు మీద స్పాన్సర్ పేరు కూడా లేకుండా రేసుల్లో దిగాడు.

అంతలో అట్లాంటా రేసు వచ్చింది. క్వాలిఫయింగ్‌లో ఆలన్ అందరికంటే వేగంగా తిరిగి పోల్ పొజిషన్ సాధించాడు. హూటర్స్ అనే రెస్టారెంట్ల సంస్థ డబ్బు పెట్టిన కారేమో అదే రేసుకు క్వాలిఫై కాలేకపోయింది. దాంతో ఆ సంస్థ ఆలన్ దగ్గరికి వచ్చింది. ఒక్క రేసుకని మొదలైన ఒప్పందం కొనసాగింది. ఇక్కడ అదృష్టం ఉంది, కాదనలేం. కానీ అదృష్టం వచ్చిన రోజుకు అతని కారు అందరికంటే ముందుంది. ఈ రెండూ కలిపి చూడండి.

ఆ ఆగస్టులో బ్రిస్టల్‌లో గెలిచాడు. 1992 ఏప్రిల్‌లో మళ్లీ బ్రిస్టల్‌లోనే గెలిచాడు. ఇంజిన్ బలం ఒక్కటే సరిపోని చోట, కారు సెటప్ నిర్ణయించే ట్రాక్ మీద వరసగా రెండు రేసులు!

278 పాయింట్లు వెనక

1992 సెప్టెంబరులో డోవర్ రేసులో ప్రమాదం జరిగింది. ఇంకా ఆరు రేసులే ఉన్నాయి. ముందున్న బిల్ ఇలియట్‌కూ ఆలన్‌కూ తేడా 278 పాయింట్లు. ఇలియట్ నడుపుతున్నదేంటో తెలుసా? జూనియర్ జాన్సన్ 11వ నంబరు కారు. ఆలన్ వద్దన్న సీటే అది! ఆ రోజు ఆలన్ తప్పు చేశాడని ఎవరైనా అనుకుని ఉంటే వాళ్లను తప్పుపట్టలేం.

ఆ తర్వాత ఇలియట్ వరస ఇబ్బందుల్లో పడ్డాడు. ఆలన్ మాత్రం ప్రతి రేసులో దొరికిన పాయింటల్లా ఏరుకుంటూ వచ్చాడు. నవంబరు 15న అట్లాంటాలో చివరి రేసు. ఇది షార్ట్ ట్రాక్ కాదు, ఒకటిన్నర మైలు పెద్ద ట్రాక్. ఆరుగురికి టైటిల్ అవకాశం ఉంది. డేవీ అల్లిసన్ మొదటి స్థానంలో, 30 పాయింట్లు వెనక ఆలన్, అతనికి 10 పాయింట్లు వెనక ఇలియట్. ఆలన్ కారు ముందు భాగంలో ఉండే థండర్‌బర్డ్ అన్న పేరులో మొదటి రెండు అక్షరాలు తీయించి అండర్‌బర్డ్ అని మార్చాడు. గెలుస్తాడని ఎవరూ అనుకోని పోటీదారును అక్కడ అండర్‌డాగ్ అంటారు. దాని మీద వేసిన చమత్కారం అది.

రేసులో పిట్ స్టాప్ దగ్గర ఆలన్ కారు మొదటి గేర్ విరిగింది. ఆ తర్వాత ఆగిన ప్రతిసారీ పెద్ద గేర్‌లోనే బండిని కదిలించాల్సివచ్చింది. ఇంతలో అల్లిసన్ ప్రమాదంలో చిక్కుకుని పోటీ నుంచి తప్పుకున్నాడు. ఇక మిగిలింది ఆలన్, ఇలియట్.

ఇప్పుడు లెక్క చూడండి. రేసు గెలిస్తే 175 పాయింట్లు, రెండో స్థానానికి 170. ఒక్క ల్యాప్‌లోనైనా ముందుంటే 5 బోనస్. అందరికంటే ఎక్కువ ల్యాప్‌లు ముందున్నవాళ్లకు ఇంకో 5. ఇలియట్ గెలిచి, ఎక్కువ ల్యాప్‌లూ ముందుంటే అతనికి 185, ఆలన్‌కు 175. అప్పుడు సీజన్ మొత్తం పాయింట్లు సమానమవుతాయి. ఎక్కువ రేసులు గెలిచినవాడిగా టైటిల్ ఇలియట్‌కే పోతుంది. అంటే ఆలన్ రేసు గెలవకపోయినా ఫర్వాలేదు, ఎక్కువ ల్యాప్‌లు ముందుంటే చాలు.

క్రూ చీఫ్ పాల్ ఆండ్రూస్, అతని బృందం పిట్ దగ్గర ఇదే లెక్కేశారు. పెట్రోలు దాదాపు అడుగంటే దాకా ఆలన్‌ను ట్రాక్ మీదే ఉంచి, సరిపోయినన్ని ల్యాప్‌లు పూర్తయ్యాకే పిట్‌లోకి పిలిచారు. రేసు ఇలియట్ గెలిచాడు. ఆలన్ రెండో స్థానం. కానీ ముందున్న ల్యాప్‌లు ఆలన్‌వి 103, ఇలియట్‌వి 102. ఒక్క ల్యాప్ తేడాతో ఆ బోనస్ ఆలన్‌కు వచ్చింది. సీజన్ మొత్తం కలిపితే ఆలన్‌కు 4,078, ఇలియట్‌కు 4,068. కాలేజీ డిగ్రీ ఉన్న తొలి నాస్కార్ ఛాంపియన్ అతనే.

అందరికీ నచ్చిన బాస్ కాదు

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆలన్ దగ్గర పనిచేయడం తేలిక్కాదు. ప్రతి బోల్టూ తను చెప్పినట్టే ఉండాలనేవాడు. ఆ ఒత్తిడి తట్టుకోలేక వెళ్లిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. సొంత టీమ్ అంటే అన్నీ తనే మోయాలనుకున్నాడు. దానికి మూల్యం చెల్లించాడు. పని కొంత ఆండ్రూస్ లాంటివాళ్లకు అప్పగించాకే టైటిల్ వచ్చిందన్నదీ గుర్తుంచుకోండి.

1993 ఏప్రిల్ 1న స్పాన్సర్ సంస్థ కార్యక్రమం ముగించుకుని, ఆదివారం రేసు కోసం బ్రిస్టల్ వైపు చిన్న విమానంలో బయల్దేరాడు. విమానాశ్రయం దగ్గర్లోనే అది కూలిపోయింది. అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. మర్నాడు అతని టీమ్ ట్రక్కు ముందు నల్లటి దండ కట్టుకుని, ఖాళీగా ఉన్న బ్రిస్టల్ ట్రాక్ చుట్టూ నెమ్మదిగా తిరిగి వెళ్లిపోయింది. ఆదివారం రేసు గెలిచిన రస్టీ వాలెస్, స్నేహితుడి గుర్తుగా కారును ఎదురు దిశలో తిప్పాడు. 2019లో ఆలన్‌కు నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. షార్ట్ ట్రాక్‌ల మీద ఎదిగే యువ డ్రైవర్లకు సాయం చేసే కార్యక్రమం ఒకటి ఇప్పుడు అతని పేరుతో నడుస్తోంది.

మీ సంగతేంటి?

ఆఫర్ లెటర్ చించేయమని ఈ కథ చెప్పట్లేదు. ఇంటి అప్పు, చెల్లి చదువు మీ మీదుంటే ఉద్యోగంలో చేరడమే సరైన లెక్క కావచ్చు. ఏదైనా సరే, నిర్ణయానికి ముందు కాగితం మీద ఈ మూడూ రాసుకోండి.

* జీతం రాకపోతే ఎన్ని నెలలు గడుస్తుంది? ఆలన్ స్పాన్సర్ లేకుండా నడిచాడు. ఎంతకాలమైనా అలా నడవగలిగేవాడు కాదు.
* ఆ పనిలో మీకున్న ప్రత్యేక నైపుణ్యం ఏంటి? ఇష్టం వేరు, నైపుణ్యం వేరు. ఆలన్‌కు రెండూ ఉన్నాయి.
* మీకు కావాల్సింది గెలుపా, లేక టైటిలా? ఒక్క ఇంటర్వ్యూ పోయినా, ఒక్క నోటిఫికేషన్ చేజారినా ఏడాదంతా పోయినట్టు కాదు. అట్లాంటాలో రేసు ఓడిపోయినవాడే సీజన్ గెలిచాడు.

గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్నా, క్యాంపస్ డ్రైవ్ కోసం చూస్తున్నా, ముగ్గురు కలిసి చిన్న స్టార్టప్ పెట్టాలనుకుంటున్నా ఈ మూడు ప్రశ్నలూ వర్తిస్తాయి. ఈ సాయంత్రమే ఓ అరగంట కేటాయించి, జవాబులు రాసి చూడండి.