జనానాకు కూడా స్టూడియో తెరిచిన రాజా దీన్ దయాళ్

నందికొట్కూరులో అయినా, నంద్యాలలో అయినా నిఖా ఖాయమైన ఇంట్లో ఫోటోగ్రాఫర్‌ని మాట్లాడుకునేటప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. ఆడవాళ్ల వైపు ఫోటోలు ఎవరు తీస్తారు? తీసే ఆడమనిషి ఉన్న స్టూడియో అయితే పెద్దవాళ్లకు నిశ్చింత. ఈ ప్రశ్న పాతదే. హైదరాబాదులో 1892లోనే దీనికి జవాబు వెతికి, దాన్నే తన వ్యాపారంలో ఒక భాగం చేసుకున్న మనిషి రాజా దీన్ దయాళ్.

ఆయన దక్కన్ మనిషి కాదు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీ థామ్సన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే సర్కారు నౌకరీ. ఫోటోగ్రఫీ ఆ తర్వాత పట్టుకున్న సరదా. ఆ రోజుల్లో అది చవక సరదా ఏమీ కాదు. పెద్ద చెక్క కెమెరా, గాజు పలకలు, మందులు, స్టాండు, అన్నీ మోయడానికి మనుషులు కావాలి.

పనితనం ఉన్నవాళ్లు ఆ కాలంలో ఇంకా ఉన్నారు. దీన్ దయాళ్‌కు తోడైంది పరిచయాలు నిలబెట్టుకునే తీరు. ఇందోరు మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్ ఆయన ఫోటోలు మెచ్చి, మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డాలీకి పరిచయం చేశారు. 1875-76లో వేల్స్ యువరాజు మన దేశానికి వచ్చినప్పుడు ఆ పర్యటన ఫోటోలు తీసే అవకాశం దొరికింది. డాలీ తర్వాత ఆ స్థానంలోకి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882లో బుందేల్‌ఖండ్ పర్యటనకు వెంట తీసుకెళ్లారు. అప్పటి కోటలు, గుళ్ల ఫోటోలు 1886లో గ్రిఫిన్ పుస్తకంలో అచ్చయ్యాయి. ఈలోగా 1885లో వైస్రాయ్‌కి ఫోటోగ్రాఫర్‌గా నియామకం కూడా వచ్చేసింది. ఎక్కడా గుమ్మం తట్టి బతిమాలిన పని కనిపించదు. ఒకరి కోసం తీసిన ఫోటోలే ఇంకొకరి దగ్గరికి దారి చూపించాయి.

ఇంకో తెలివైన పని చేసేవారు. గాజు పలక మీదే తన పేరు, ఒక నంబరు వేసేవారు. కాగితం మీద ఎన్ని ప్రతులు తీసినా పేరు వాటితోపాటే వెళ్తుంది. ఎవరి డ్రాయింగ్ రూములోనో ఫోటో చూసిన అతిథికి ఇది ఎవరు తీశారని అడిగే పని లేదు. ఈ రోజుల్లో ఫోటో మూలన స్టూడియో పేరు వేసుకునే కుర్రాళ్లు చేస్తున్నదీ అదే.

అసలు తెగింపు ఉద్యోగం వదలడం. ముందు సెలవు పెట్టి చూసుకున్నారు, తర్వాత రాజీపడకుండా బయటికొచ్చేశారు. వయసు నలభై దాటింది, కొడుకులున్నారు. అప్పుడు హైదరాబాదు రాజ్యాన్ని నమ్ముకున్నారు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. అక్కడ కంటోన్మెంటు ఉంది, తెల్ల అధికారులున్నారు, ఇంటికి ఫోటో పంపాలనుకునే కుటుంబాలున్నాయి. ఇటు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దర్బారులో స్థానం దొరికింది. అరమనలు, వేట, సైన్యం, విందులు అన్నీ ఆయన కెమెరాలోకి వచ్చాయి. ఆ ఫోటోల ఆల్బమ్‌లు రాజ్యానికి వచ్చిన పెద్దల చేతుల్లోకి వెళ్లాయి. నిజాంకు గొప్ప, ఫోటోగ్రాఫర్‌కు ప్రచారం. 1894లో రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే ఖితాబు ఇచ్చారు. ముసవ్విర్ అంటే ఏమిటో ఉర్దూ వచ్చిన ఇళ్లలో చెప్పనక్కర్లేదు.

ఇంత పలుకుబడి ఉన్నా ఆయన కెమెరా వెళ్లలేని చోటు ఒకటి మిగిలింది, పర్దా పాటించే కుటుంబాల జనానా. నవాబుల ఇంటి ఆడవాళ్లు పరాయి మగవాడి ముందు కూర్చోరు. ఖితాబులు చూపించి ఆ తలుపు తీయించలేరు. దీన్ దయాళ్ ఆ పద్ధతిని తప్పుపట్టలేదు, దాటాలనీ చూడలేదు. ఆడవాళ్ల కోసం విడిగా ఒక స్టూడియో పెట్టి, దాన్ని మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ చేతికి అప్పగించారు. కెమెరా వెనక ఆడమనిషే, ఎదురుగా ఆడవాళ్లే. వ్యాపారం అనుకుంటే వ్యాపారమే. కానీ వచ్చేవాళ్ల మర్యాద ఏమిటో ముందు తెలుసుకుని, దాని చుట్టూ పని కుదుర్చుకోవడం అప్పటి స్టూడియోల్లో మామూలు విషయం కాదు.

ఆయన పనిలో ఒప్పుకోవాల్సిన ఇంకో వైపూ ఉంది. పోషకుడిని గొప్పగా చూపించడం కూడా ఆ పనిలో భాగమే. 1899-1900 కరువులో ఔరంగాబాదులో బక్కచిక్కిన జనం ఫోటోలు ఆయన స్టూడియో పేరుతో ఉన్నాయి. అవి ఆకలికి సాక్ష్యం, ప్రభుత్వ సహాయానికి ప్రచారం కూడా. రెండూ ఒకే ఫ్రేములో ఉండటం చూసేవాళ్లకు ఇబ్బందిగానే ఉంటుంది.

అయితే ఒక్క దర్బారు మీదే బతుకు పెట్టలేదు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనకు ఫోటోలు పంపారు. 1896లో బొంబాయిలో స్టూడియో తెరిచారు. మరుసటి ఏడాది విక్టోరియా రాణి నుంచి రాయల్ వారంట్ వచ్చింది. కొడుకులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ పనిలోకి దిగారు. 1904లో ధరమ్ చంద్ చనిపోయారు. 1905 జులైలో తండ్రి కూడా బొంబాయిలో కన్నుమూశారు. హైదరాబాదు పని జ్ఞాన్ చంద్ చూసుకున్నారు.

కుటుంబం దాచిన గాజు పలకల్లో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం తీసుకుంది. 2006లో తపాలా శాఖ ఆయన పేరు మీద స్టాంపు విడుదల చేసింది. పాత ఫోటోల మూలన ఆ పేరు, ఆ నంబరు ఇప్పటికీ కనిపిస్తాయి.