దంతవైద్య విద్యకు పునాది వేసిన డాక్టర్ రఫీయుద్దీన్ అహమ్మద్

పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమి అని మనలో ఒక సామెత ఉన్నది. దానిని వాడే సందర్భం వేరైనా, పన్ను విషయంలో మన పెద్దల నిర్లక్ష్యం అందులో కొంత తొంగిచూస్తుంది. నొప్పి పుట్టిన పన్నును పీకించుకుంటే పీడ విరగడవుతుందని తరతరాలుగా నమ్మినవాళ్లం మనం. వేపపుల్లతోనో మిస్వాక్‌తోనో పళ్లు తోముకోవడం మనకు పూర్వాచారమే. కాని పలువరుస అంతా ఒక్క కట్టడమనీ, అందులో ఒక్క రాయి కదిలితే తక్కినవి నిలకడ తప్పుతాయనీ తెలిసింది కొద్దిమందికే. ఆ తెలివిడిని కళాశాల విద్యగా ఈ దేశంలో నెలకొల్పిన మహనీయుడు డాక్టర్ రఫీయుద్దీన్ అహమ్మద్.

ఆయన 1890 డిసెంబరు 24న తూర్పు బెంగాలులో జన్మించారు. అలీగఢ్‌లో చదువు ముగించుకొని 1909లో అమెరికా వెళ్లారు. దంతవైద్యం చదవడానికి సముద్రం దాటే భారతీయుడు అరుదైన కాలమది. 1915లో అయోవా విశ్వవిద్యాలయం నుండి దంతవైద్య పట్టం పొందారు. అటుపైన 1918 వరకు బోస్టన్ నగరంలోని ఫోర్సిత్ దంతవైద్యశాలలో పనిచేశారు. అది పిల్లల కోసం 1914లో తెరచిన వైద్యశాల.

పిల్లల పళ్లకు ప్రత్యేకమైన వైద్యశాల ఎందుకని విద్యార్థులకు సందేహం కలగవచ్చు. పైపలువరుస, కిందిపలువరుస ఒకదానితో ఒకటి పొందుపడే తీరు బాల్యంలోనే రూపు దిద్దుకుంటుంది. ఆరవ ఏట, పాలపళ్ల వెనుక, ఏ పన్నూ ఊడకుండానే మొదటి శాశ్వత చర్వణకం మొలుస్తుంది. తల్లిదండ్రులు దానిని పాలపన్నే అనుకొని, పుచ్చినా ఊరుకుంటారు. కాని పొందికకు మూలస్తంభం అదే. అమెరికాలో ఎడ్వర్డ్ యాంగిల్ అనే వైద్యుడు 1899లో పలువరుసల అపసవ్యతను మూడు తరగతులుగా విభజించినప్పుడు కొలబద్దగా తీసుకున్నది ఈ పన్నునే. అది పోయి ఆ చోటు ఖాళీగా ఉండిపోతే వెనుకపన్ను ముందుకు ఒరుగుతుంది. ఎదుటి దవడలోని పన్ను ఆ ఖాళీలోకి సాగివస్తుంది. అప్పుడు నమిలే బరువు అన్ని పళ్లమీద సమంగా పడదు. భారం మోసే పళ్లు అరుగుతాయి. చిగుళ్లు ముందే చెడి ఉంటే మరింత కదులుతాయి. ఇరుకైన సందులు శుభ్రపడక పాచి పేరుకుంటుంది. ఎత్తుపళ్ల పిల్లవాడు ఆటలో బోర్లాపడితే మొదట విరిగేవి ఆ ముందుపళ్లే. దవడ కీలు నొప్పికి మాత్రం పలు కారణాలుంటాయి. పలువరుస పొందిక ఒక్కటే కారణమని నేటి శాస్త్రం అంగీకరించదు.

ఇంతటి శాస్త్రాన్ని అభ్యసించిన అహమ్మద్‌గారు 1919లో స్వదేశానికి తిరిగివచ్చారు. అమెరికాలోనే స్థిరపడి సుఖంగా జీవించడానికి ఆయనకు అవకాశం లేకపోలేదు. మన దేశంలో ఆనాడు దంతవైద్యం నేర్పే కళాశాల లేదు; శిక్షణ లేనివారు బజారులో కూర్చుండి పళ్లు పీకినా అడ్డుకొనే చట్టమూ లేదు. 1920లో ఆయన కలకత్తాలో భారతదేశపు తొలి దంతవైద్య కళాశాలను స్థాపించారు. ధనం కావలసి వచ్చింది. అందుకోసం న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే పేరుతో ఒక పానీయాల అంగడి నడిపి, ఆ రాబడితో కళాశాలను పోషించారు. తాపేశ్వరం కాజాల రుచి మరిగిన మనకు, తీపి పానీయాలమ్మి పళ్లను కాపాడే విద్య నేర్పడం కొంత వింతగా తోచవచ్చు. కాని డిగ్రీ చేతబట్టుకొని అంగడి నడపడానికి సిగ్గుపడని ఆ దీక్ష ముందు మన నవ్వు నిలువదు.

తొలి మూడు సంవత్సరాలలో విద్యార్థుల సంఖ్య పదకొండు మాత్రమే. మరొకరైతే తలుపులు మూసివేసేవారు. ఆయన మూయలేదు. 1923లో బొంబాయిలో దంతవైద్యశాల తెరచిన ఫాతిమా జిన్నా ఆ కళాశాల తొలినాళ్ల విద్యార్థినియే. ముస్లిం ఆడపిల్ల గడప దాటి చదవడమే వింతగా చూసే రోజులలో ఆమె వైద్యవృత్తి చేపట్టిందంటే, ఆ చిన్న కళాశాల చేసిన పని ఎంత పెద్దదో ఊహించవచ్చు.

1925లో అహమ్మద్‌గారు దంతవైద్యులకొక సంఘాన్నీ, ఒక పత్రికనూ నెలకొల్పారు. 1928లో విద్యార్థుల కోసం పుచ్చుపళ్లను పీకకుండా బాగుచేసే విధానాలపై గ్రంథం ప్రకటించారు. పుచ్చిన పన్నును పూడ్చి దాని చోటనే నిలిపితే పలువరుస పొందిక కూడా నిలుస్తుంది. అందువల్ల అది చికిత్స మాత్రమే కాదు, రాబోయే వక్రతకు నివారణ కూడా. వృత్తికి చట్టం కావాలని ఆయన చేసిన కృషి ఫలించి 1939లో బెంగాలులో దంతవైద్యుల చట్టం వచ్చింది; 1948లో దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది.

1949లో తన కళాశాలను ప్రభుత్వపరం చేశారు. తన రెక్కల కష్టంతో పెంచిన సంస్థను వారసులకు ఆస్తిగా మిగల్చక ప్రజలకు అప్పగించడం సామాన్యం కాదు. 1950 తరువాత పశ్చిమ బెంగాలులో డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ మంత్రివర్గంలో చేరి 1962 వరకు వ్యవసాయం మొదలైన శాఖలు నిర్వహించారు. 1964లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ బిరుదంతో గౌరవించింది. 1965 ఫిబ్రవరి 9న పరమపదించారు. ఆయన నెలకొల్పిన కళాశాల నేడు ఆయన పేరనే ఉన్నది. ఆయన పుట్టిన రోజును మన దేశంలో దంతవైద్యుల దినంగా జరుపుకొంటున్నారు.

ఆయన వేసిన విత్తనం మన తెలుగునాట కూడా మొలకెత్తింది. హైదరాబాదులో 1959లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఏర్పడింది. నేడు రాజమహేంద్రవరం చేరువలోను, భీమవరంలోను అట్టి కళాశాలలున్నవి. మన రామచంద్రపురం పిల్లవాడు పలువరుస చూపించుకోవడానికి కలకత్తా వెళ్లనక్కరలేదు. కొద్ది గంటల బస్సు ప్రయాణం చాలు. ఇంట్లో ఏడేళ్ల తమ్ముడో చెల్లెలో ఉంటే ఒకసారి నోరు తెరిపించి చూడండి. వెనుక కొత్తగా వచ్చిన పెద్దపన్ను నల్లబడినా, నమిలేటప్పుడు ఒక పక్కకే దవడ పోతున్నా, నిద్రలో నోరు తెరచి ఊపిరి పీలుస్తున్నా పెద్దలకు చెప్పి వైద్యునికి చూపించండి. చెరకు గెడను పంటితో చీల్చే భాగ్యం డెల్టా బిడ్డకు ముదిమి దాకా నిలవాలంటే జాగ్రత్త ఆ వయస్సులోనే మొదలు కావాలి.

విద్యార్థులారా! పదకొండు మందితో మొదలైన పనిని అల్పమని వదలివేయని మనిషి కథ ఇది. మన కళాశాల కూడా చిన్నదే. కాని పన్ను చిన్నదైనా తన చోట తాను గట్టిగా నిలిచినప్పుడే పలువరుస నిలుస్తుంది. ఆ నిలకడ మనలో ప్రతి ఒక్కరికీ అలవడుగాక.