వేళ అడగని వంటిల్లు

ఈమధ్య సైనిక్‌పురిలో మా ఇరుగుపొరుగు కుటుంబాల ప్రార్థన కూడికలో సామెతల గ్రంథం 31వ అధ్యాయం ధ్యానానికి వచ్చింది. అందులోని గుణవతియైన ఇల్లాలు పొలం చూసి కొంటుంది, తోట వేస్తుంది, బట్టలు నేసి అమ్ముతుంది, చీకటితోనే లేచి ఇంటివారికి భోజనం సిద్ధం చేస్తుంది, దీనులకు చెయ్యి చాపుతుంది. ఇలాంటి స్త్రీ మన తెలుగు నేలమీద ఎవరున్నారని ఒక సహోదరి అడిగింది. కోనసీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దావిడ తడుముకోకుండా డొక్కా సీతమ్మగారి పేరు చెప్పారు. ఆమె క్రైస్తవురాలు కాదు గదా అని మాలో కొందరు సందేహించారు. కానీ పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి మన ప్రభువు చూపించింది ఒక సమరయుణ్ణి. ఆ మాట గుర్తుకు రాగానే సందేహం ఆగిపోయింది.

సీతమ్మగారు 1841 అక్టోబరులో గోదావరి సీమలోని మండపేటలో పుట్టారు. తండ్రి అనుప్పిండి భవానీశంకరంగారు. వచ్చినవారికల్లా అన్నం పెట్టే అలవాటు వల్ల ఊరివాళ్లు ఆయనను బువ్వన్న అని పిలుచుకునేవారు. తల్లి నరసమ్మగారు చిన్నతనంలోనే చనిపోవడంతో వచ్చేపోయేవారికి వడ్డించే బాధ్యత ఆ చిన్నపిల్ల మీద పడింది. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నగారు పొలం పుట్రా ఉన్న రైతు, వేదం చదువుకున్నవారు. ఒకసారి ప్రయాణంలో ఆ ఇంట భోజనం చేసి, అక్కడి ఆదరణ చూసి, ఆ ఇంటి పిల్లనే అడిగి పెండ్లి చేసుకున్నారని చెబుతారు. నూతి దగ్గర అడిగినవానికే కాక అతని ఒంటెలకు కూడా నీళ్లు తోడిన రిబ్కా సంగతి చదివినవారికి ఈ సంబంధం వింతగా తోచదు.

డొక్క అనే మాట వింటే ఆ కాలపువారికి కరువు గుర్తుకొచ్చేది. 1832, 33 సంవత్సరాల్లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన కరువును జనం డొక్కల కరువు అన్నారు. తిండి లేక మనుషుల డొక్కలు బయటపడిన రోజులవి. ఆ తర్వాతి కాలంలో సర్ ఆర్థర్ కాటన్ గోదావరికి ఆనకట్ట కట్టాలని పట్టుబట్టారు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది. కాటన్ దొర దైవభక్తి గలవాడని మన సంఘాల్లో అందరికీ తెలుసు. ఆయన కింద పనిచేసిన హేగ్ అనే యువ ఇంజనీరు ఇదే గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద 49 ఖానాల అక్విడక్టు కట్టించారు. అంటే కాలువ నీటిని నది పైనుంచి దాటించే వంతెన. తర్వాతి కాలంలో దుమ్ముగూడెంలో కోయల మధ్య సువార్త పని మొదలు కావడానికి తోడ్పడింది కూడా ఈ హేగ్ గారే.

ఆ నీటితో లంకల్లో వరి పండింది. కానీ పంట ఉన్నచోట ఆకలి లేదనుకోకూడదు. గన్నవరం చుట్టూ గోదావరి పాయలు. ఎక్కడికి వెళ్లాలన్నా పడవ కోసం కాచుకోవాలి. రేవు దాటి వచ్చిన బాటసారికి ఏ పొద్దెక్కినాకనో, ఏ అర్ధరాత్రో ఊరు కనబడేది. పూటకూళ్ల ఇళ్లు లేని ఊళ్లో అతనికి కనబడేది డొక్కావారి వీధి అరుగు. వచ్చింది ఎవరు, ఏ కులం, వేళ కాని వేళ ఎందుకొచ్చారు అని సీతమ్మగారు అడిగేవారు కాదని అక్కడివారు తరతరాలుగా చెప్పుకుంటారు. పొయ్యి ఆరిపోయి ఉంటే మళ్లీ ముట్టించేవారు.

ఇదంతా తేలిక పని అనుకోవద్దు. బియ్యపు మరలు లేని రోజుల్లో వడ్లు దంచాలి, చెరగాలి, కట్టెలు ఎండబెట్టాలి, నీళ్లు మోయించాలి, ఇన్ని ఆకులు లేస్తే ఎన్ని గింజలు మిగిలాయో చూసుకోవాలి. పెద్ద వ్యాపారం నడిపేవారికి ఉండే లెక్కా జాగ్రత్తా ఆ వంటింటికీ కావలసిందే. ఒక్కటే తేడా, దీనిలో పెట్టుబడే గాని రాబడి లేదు. ఆస్తి కరిగిపోతూ వచ్చింది, అన్నం పెట్టడం ఆగలేదు.

ఆమె గురించి చెప్పే వాటిలో మమ్మల్ని ఎక్కువగా గుచ్చుకున్నది అంతర్వేది ప్రయాణం. జన్మలో ఒక్కసారైనా అంతర్వేది నరసింహస్వామి దర్శనం చేసుకోవాలని ఆమె ఎంతోకాలంగా కోరుకుని, చివరికి ఎలాగో బయలుదేరారట. దారిలో ఆగినచోట ఆకలితో నడిచివస్తున్న ఒక కుటుంబం మాటలు చెవిన పడ్డాయి. ఏడుస్తున్న పిల్లలను, ఇంకాస్త ఓర్చుకుంటే గన్నవరంలో సీతమ్మగారి ఇల్లు వస్తుందని పెద్దవాళ్లు బుజ్జగిస్తున్నారు. ఆమె అక్కడి నుంచే వెనుదిరిగి, వాళ్లకంటే ముందు ఇల్లు చేరి వంట చేయించారు. దర్శనం అలా ఉండిపోయింది.

ఈ సంగతి విన్న రోజు మా ఇంట్లో ఎవరమూ ఎక్కువ మాట్లాడుకోలేదు. కొన్ని వేసవుల కిందట ఒక ఆదివారం ఆరాధనకు ఆలస్యమవుతోందని కంగారుగా గేటు తీస్తుంటే, పక్కన ఇల్లు కట్టే పనికి వచ్చిన దంపతులు చంటిపిల్లతో నిలబడి ఉన్నారు. రాత్రి నుంచి ఏమీ తినలేదన్నారు. ఆరాధన అయ్యాక రమ్మని చెప్పి బండెక్కాం. ఆరోజు పాటలు బాగా పాడాం. తిరిగి వచ్చేసరికి వాళ్లు లేరు. మేస్త్రీని అడిగితే వేరే పనిచోటికి వెళ్లిపోయారన్నాడు.

సీతమ్మగారి పేరు సముద్రాలు దాటింది. ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకం సందర్భంగా 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగినప్పుడు ఆమెను సత్కరించాలని ప్రభుత్వం తలచింది. ఆమె వెళ్లలేదు. పోనీ ఫొటో అయినా తీయించుకొమ్మంటే, పేరు కోసం పెట్టిన అన్నం కాదని దానికీ ఒప్పుకోలేదట. ఫొటో పంపకపోతే తన ఉద్యోగానికే ముప్పని అధికారి బతిమాలుకుంటే, ఒకరి కూటికి తాను అడ్డు కాకూడదని అప్పుడు కూర్చున్నారని చెబుతారు. ఈనాడు మనం చూసే ఆమె రూపం ఆ ఒక్క ఫొటో వల్ల మిగిలిందే.

1909 ఏప్రిల్ 28న ఆమె కన్నుమూశారు. హేగ్ కట్టించిన పాత అక్విడక్టుకు బదులుగా 2000లో కొత్తది కట్టినప్పుడు దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే పెట్టింది. కోనసీమ వెళ్లే మన పాఠకులు పి.గన్నవరం దగ్గర ఆ అక్విడక్టు మీదుగా వెళ్లవచ్చు. పైన బండ్లు పోతుంటాయి, వాటి కింద కాలువ, ఆ కిందెక్కడో వైనతేయ. ఆ కాలువ నీళ్లు అవతలి గట్టుకు చేరి వరిచేలకు వెళతాయి.